86 విజయాల స్టెన్‌మార్క్‌కు ఒలింపిక్ స్వర్ణాలు రెండేనా?

ప్రశ్న: మంచు వాలుపై స్కీలతో దిగే ఆల్పైన్ స్కీయింగ్‌లో ఇంగెమార్ స్టెన్‌మార్క్ నెలకొల్పిన 86 ప్రపంచ కప్ విజయాల రికార్డును 2023లో అమెరికా క్రీడాకారిణి మికేలా షిఫ్రిన్ దాటారని చదివాను. అంత ఎక్కువ సంఖ్యలో పోటీలు గెలిచిన క్రీడాకారుడు ప్రపంచ కప్ ఓవరాల్ టైటిల్‌ను మూడుసార్లే గెలవడానికి, ఒలింపిక్స్‌లో రెండే స్వర్ణాలు సాధించడానికి కారణమేమిటి?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: కారణం కొంత ఆయన ఆటతీరులో ఉంది, అంతకన్నా ఎక్కువగా ఆనాటి నిబంధనల్లో ఉంది. స్కీయింగ్‌లో ప్రపంచ కప్ అంటే ఏటా చలికాలమంతా వేర్వేరు చోట్ల సాగే పోటీల వరుస. స్టెన్‌మార్క్ 1956లో జన్మించారు. స్వీడన్ ఉత్తరాన లాప్‌లాండ్‌లో ఉన్న టార్నబీ అనే చిన్న ఊరి ప్రాంతం ఆయనది. 1974 డిసెంబరులో, 18 ఏళ్ల వయసులో, ఇటలీలోని మడోన్నా డి కంపీలియోలో తొలి ప్రపంచ కప్ పోటీ గెలిచారు. చివరి విజయం 1989 ఫిబ్రవరిలో అమెరికాలోని ఆస్పెన్‌లో దక్కింది. ఆ 86 విజయాల్లో 46 జెయింట్ స్లాలమ్‌లో, 40 స్లాలమ్‌లో వచ్చాయి. ఈ రెండూ మంచు వాలుపై పాతిన కర్రల మధ్య మలుపులు తిరుగుతూ దిగవలసిన పోటీలు. ఒక్కొక్కరు రెండేసి పరుగులు తీస్తారు, రెండింటి సమయాన్ని కలిపి విజేతను నిర్ణయిస్తారు. గంటకు 100 కిలోమీటర్లు దాటే వేగంతో దిగే డౌన్‌హిల్ జోలికి ఆయన దాదాపు వెళ్లలేదు.

ఓవరాల్ టైటిల్‌కు అన్ని విభాగాల పాయింట్లనూ కలిపి లెక్కిస్తారు. డౌన్‌హిల్‌లో పాల్గొనకుండానే స్టెన్‌మార్క్ 1976, 1977, 1978లలో వరుసగా ఆ టైటిల్ గెలిచారు. ఆ తరువాతి సీజన్‌లో ఒక్కో విభాగం నుంచి మూడు అత్యుత్తమ ఫలితాలను మాత్రమే లెక్కలోకి తీసుకున్నారు. ఆ చలికాలంలో జరిగిన పది జెయింట్ స్లాలమ్‌లనూ ఆయనే గెలిచారు. సెకనులో నూరో వంతుతో ఫలితం తారుమారయ్యే ఈ ఆటలో, చెకొస్లొవాకియాలోని యాస్నాలో రెండో స్థానం పొందిన బోయన్ క్రిజాయ్ కన్నా 4.06 సెకన్లు ముందు నిలిచారు. గెలుపుకు 25 పాయింట్ల చొప్పున పది పోటీలకు 250 రావలసి ఉండగా, లెక్కకు వచ్చినవి 75 మాత్రమే. స్లాలమ్ నుంచి మరో 75 కలిసి మొత్తం 150 కాగా, ఆ సీజన్‌లో 13 పోటీలు గెలిచిన ఆయనకు ఐదో స్థానం దక్కింది. 186 పాయింట్లతో స్విట్జర్లాండ్‌కు చెందిన పీటర్ లూషర్ విజేత అయ్యారు. అన్ని విభాగాల్లో రాణించేవారికి ఓవరాల్ టైటిల్ దక్కాలన్న ఆలోచన న్యాయమైనదే. అయితే పది విజయాల్లో ఏడింటిని లెక్కలోంచి తీసివేయడం ఏ విధంగానూ న్యాయం కాదని నా దృఢమైన అభిప్రాయం. 1981లో కంబైన్డ్ (డౌన్‌హిల్, స్లాలమ్ ఫలితాలను కలిపి లెక్కించే విభాగం) పాయింట్ల కోసం ఆయన కిట్స్‌బ్యూల్‌లోని కఠినమైన డౌన్‌హిల్‌లో సైతం దిగారు; అయినా ఆ ఏడాది టైటిల్ ఆరే పాయింట్ల తేడాతో అమెరికా క్రీడాకారుడు ఫిల్ మారేకు వెళ్లింది.

ఇక ఒలింపిక్స్ విషయం. 1976లో ఇన్స్‌బ్రుక్‌లో జెయింట్ స్లాలమ్‌లో కాంస్యం సాధించారు. 1979 సెప్టెంబరులో ఇటలీలో డౌన్‌హిల్ సాధన చేస్తూ పడిపోయి తలకు తీవ్రమైన దెబ్బ తగిలించుకున్నారు. అయిదు నెలలకే, 1980 ఫిబ్రవరిలో, లేక్ ప్లాసిడ్‌లో రెండు స్వర్ణాలు గెలిచారు. రెండు పోటీల్లోనూ మొదటి పరుగు ముగిసేసరికి వెనుకబడి ఉండి, రెండో పరుగులో అందరినీ దాటారు.

ఆ తరువాత ఆయన అంతర్జాతీయ స్కీ సమాఖ్య ఇచ్చే ‘బి’ లైసెన్సు తీసుకున్నారు. జాతీయ సమాఖ్య ద్వారా కాకుండా ప్రాయోజకుల నుంచి నేరుగా డబ్బు తీసుకునే వీలు ఆ లైసెన్సుతో కలుగుతుంది. ఒలింపిక్స్ మాత్రం అప్పటికింకా ఔత్సాహికులకే, అంటే ఆటను వృత్తిగా చేసుకోనివారికే, పరిమితమన్న నియమాన్ని పాటిస్తుండేది. తక్కినవారికీ డబ్బు అందుతూనే ఉండేది, అయితే అది సమాఖ్య ఖాతా గుండా వచ్చేది కనుక ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. ఈ వింత భేదం వల్ల 1984 సరయేవో క్రీడలకు స్టెన్‌మార్క్‌ను అనుమతించలేదు. లేక్ ప్లాసిడ్‌లో ఆయనలాగే రెండు స్వర్ణాలు గెలిచిన లీక్టెన్‌స్టైన్ క్రీడాకారిణి హాన్నీ వెన్సెల్‌కూ అదే అన్యాయం జరిగింది. ఆ సీజన్ జెయింట్ స్లాలమ్ ప్రపంచ కప్ స్టెన్‌మార్క్‌దే కావడాన్ని బట్టి, సరయేవోలో ఆయన ఏం కోల్పోయారో ఊహించవచ్చు. నిబంధనలు సడలిన తరువాత 1988లో కాల్గరీకి వెళ్లి స్లాలమ్‌లో ఐదో స్థానం పొందారు.

ప్రశ్న: రిటైరైన తరువాత ఆయన జీవితం ఎలా సాగింది?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: 1989లో పోటీల నుంచి తప్పుకున్నారు. ఆటాడిన కాలంలో విలేఖరులకు ఒకటి రెండు మాటల్లో జవాబు చెప్పి వెళ్లిపోయే మితభాషిగా ఆయనకు పేరుండేది. ఆయన పోటీ చేసే వేళకు స్వీడన్‌లో పాఠశాలల్లోనూ టీవీలు పెట్టేవారు. అంతటి ఆదరణ నడుమ కూడా ఆ స్వభావం మారలేదు. అటువంటి మనిషి 2015లో, 59 ఏళ్ల వయసులో, స్వీడన్ టీవీలో ప్రసారమయ్యే ‘లెట్స్ డాన్స్’ నృత్య పోటీలో పాల్గొని విజేతగా నిలిచారు. మాటల అవసరం లేని చోట, కాళ్ల లయ మీద, శరీరపు తూకం మీద ఆయనకున్న పట్టు అప్పటికీ చెక్కుచెదరలేదని నాకు అనిపిస్తుంది.

2023 మార్చి 10న స్వీడన్‌లోనే ఓరె పట్టణంలో షిఫ్రిన్ ఆయన రికార్డును సమం చేసి, మరునాడు స్లాలమ్ గెలిచి 87కు చేరుకున్నారు. 34 ఏళ్లు తన పేరిట ఉన్న ఘనత చేజారుతున్నప్పుడు ఆయన ఏ మాత్రం నొచ్చుకోలేదు. ఆమె తన కన్నా ఎంతో మెరుగైన క్రీడాకారిణి అని, శక్తి, నైపుణ్యం, మనోబలం మూడూ ఆమెలో ఉన్నాయని విలేఖరులతో విస్పష్టంగా చెప్పారు.