పాపకు బ్లాడర్ ప్రెషర్ ఇంట్లోనే చూసుకోవచ్చా? మా బాబుకు చూస్తున్న అనుభవంతో జవాబు

మూత్రాశయంలో (బ్లాడర్‌లో) ప్రెషర్ ఇంట్లోనే చూసుకోవచ్చండి. కాకపోతే ముందు మీ డాక్టరుకు చెప్పి, వాళ్ల ఎదుటే ఒకసారి చేసి చూపించాక మొదలుపెట్టండి.

మీ పాపకు ఆరేళ్లు, పుట్టుకతో స్పైనా బిఫిడా (వెన్నెముక పూర్తిగా మూసుకోని లోపం), రోజూ కెథెటర్ (సన్నటి గొట్టం) వేసి మూత్రం తీస్తున్నారు, యూరోడైనమిక్స్ (ఆసుపత్రిలో బ్లాడర్ ప్రెషర్ కొలిచే పరీక్ష) కోసం ఏడాదికోసారి కరీంనగర్ నుంచి హైదరాబాద్ వస్తున్నారు, ఈ మధ్యలో ప్రెషర్ ఎలా ఉందో తెలియక టెన్షన్ పడుతున్నారు అని రాశారు. మా బాబుదీ ఇదే సమస్య. మేం మల్కాజిగిరిలో ఉంటాం, వాడు ఇప్పుడు హైస్కూలుకు వచ్చాడు.

"ఇప్పుడు తడవట్లేదు కదా, ఇంకా పరీక్షలెందుకు" అని మీ అత్తగారు అంటున్నారన్నారు. అన్నిటికన్నా ముందు దీనికే జవాబు చెప్పాలనిపించింది. బట్టలు తడవకపోవడం మంచిదే, కానీ దాన్ని చూసి కిడ్నీలు బాగున్నాయని అనుకోకూడదు. మూత్రాన్ని ఆపే కండరం గట్టిగా బిగుసుకుని ఉన్న పిల్లల్లో ఒక్క చుక్క కూడా బయటికి రాదు. లోపల మాత్రం ప్రెషర్ పెరుగుతూనే ఉంటుంది, అది పైకి కిడ్నీల మీద పడుతుంది. నరాలు సరిగా పనిచేయవు కాబట్టి పిల్లలకు నొప్పీ తెలియదు. 1981లో మెక్‌గ్వైర్ అనే అమెరికన్ యూరాలజిస్టు ఇలాంటి పిల్లల్నే పరీక్షించి రాశారు. మూత్రం లీక్ అయ్యేటప్పటికి ప్రెషర్ 40 సెంటీమీటర్ల నీటి ఎత్తు దాటుతున్న వాళ్లలోనే ఎక్కువ మందికి మూత్రం వెనక్కి ఎక్కడం, కిడ్నీ నుంచి దిగే నాళాలు ఉబ్బడం కనిపించాయి. 40 లోపు ఉంటే భయం లేదని దానర్థం కాదు. మా డాక్టరైతే 30 దాటినా చాలు, ఫోన్ చేయమన్నారు. మీ పాపకు ఎంత అన్నది మీ డాక్టరునే అడగండి.

మేం చేసే పద్ధతి సులువు. సెలైన్ సెట్టు లాంటి సన్నటి, లోపల కనిపించే ట్యూబును సెంటీమీటర్ల స్కేలుకు అంటించుకున్నాం. బాబును వెల్లకిలా పడుకోబెట్టి, ఎప్పటిలాగే శుభ్రంగా కెథెటర్ వేసి, మూత్రం కారిపోకుండా దాన్ని నొక్కి పట్టుకుని ట్యూబుకు కలుపుతాం. స్కేలు నిలువుగా ఉండాలి. పొత్తికడుపు అడుగున చేతికి తగిలే ఎముక ఎంత ఎత్తులో ఉందో, స్కేలు మీది సున్నా అంత ఎత్తులోనే ఉండాలి. అక్కడ ఐదు సెంటీమీటర్లు తేడా వస్తే ప్రెషర్‌లోనూ ఐదు తేడా వస్తుంది. పట్టు వదలగానే మూత్రం ట్యూబులో పైకి ఎక్కి ఒకచోట ఆగుతుంది. ఆ ఎత్తే ప్రెషర్. పిల్లల కెథెటర్ సన్నం కాబట్టి నిలకడగా ఆగడానికి కాస్త సమయం పడుతుంది, తొందరపడి చదవకండి. తర్వాత ట్యూబును కిందికి దించి మొత్తం మూత్రాన్ని కొలత జగ్గులోకి తీసి ఎన్ని ఎం.ఎల్. వచ్చిందో రాసుకోవాలి. ఎలాగూ వేసే కెథెటరే కాబట్టి దీనికోసం పాపను అదనంగా గుచ్చేదేమీ లేదు. ట్యూబు మాత్రం శుభ్రంగా ఉండాలి.

ఆ ఎం.ఎల్. అంకె లేకుండా ప్రెషర్ ఒక్కటే రాసుకుంటే పెద్దగా ఉపయోగం లేదు. 120 ఎం.ఎల్. దగ్గర 35 రావడం వేరు, 250 దగ్గర 35 రావడం వేరు. మామూలు పిల్లలకు వయసుకు ఒకటి కలిపి 30తో హెచ్చిస్తే బ్లాడర్ పట్టే కొలత వస్తుంది, అంటే ఆరేళ్లకు సుమారు 210 ఎం.ఎల్. మన పిల్లలకు ప్రమాదం లేని కొలత అంతకంటే తక్కువే కావచ్చు. అది ఎంతో కనిపెట్టడానికే ఈ శ్రమంతా.

మాకు అసలు విషయం బయటపడింది పొద్దున్నే చూసినప్పుడు. పగలు ఎప్పుడు చూసినా అంకెలు బాగుండేవి. రాత్రంతా నిండిన బ్లాడర్‌కు, నిద్ర లేవగానే మొదటి కెథెటర్ దగ్గర చూస్తే పగటి కంటే చాలా ఎక్కువ వచ్చింది. పగలంతా జాగ్రత్తగా గంటలు లెక్కపెట్టి తీస్తూ, రాత్రి మాత్రం ఎనిమిది తొమ్మిది గంటలు వదిలేస్తాం కదా, కిడ్నీల మీద భారం పడేది అప్పుడే. ఆ కాగితం చూసి మా డాక్టరు బాబు వాడే బ్లాడర్ మందు డోసు పెంచలేదు, రాత్రి మధ్యలో ఒకసారి తీయమన్నారు. ఇంకొందరు పిల్లలకు రాత్రిపూట కెథెటర్ ఉంచి బ్యాగులోకి వదిలిపెట్టే పద్ధతి చెప్తారు. మీరు మొదలుపెడితే ముందుగా పొద్దుటి అంకే చూడండి.

ఇది యూరోడైనమిక్స్‌కు బదులు కాదు. అక్కడ మలద్వారంలో ఇంకో సన్నటి ట్యూబు పెట్టి కడుపు ప్రెషర్‌ను విడిగా తీసేసి చూస్తారు. మన ట్యూబులో బ్లాడర్‌ది, కడుపుది కలిపే కనిపిస్తుంది. అందుకే పాప ఏడ్చినా, నవ్వినా, దగ్గినా అంకె ఎగురుతుంది. కూర్చోబెట్టి చూస్తే ఇంకా పెరుగుతుంది. మలబద్ధకం ఉన్న రోజుల్లో మా బాబుకు ఎప్పుడూ ఎక్కువే వచ్చేది, విరేచనం సాఫీగా అయ్యాక తగ్గేది. ఇంటి కొలతకు ఒక మేలు కూడా ఉంది. టెస్టులో పంపుతో త్వరగా నీళ్లు నింపుతారు, ఇంట్లో కిడ్నీలు మెల్లగా నింపుకున్న దాన్నే కొలుస్తున్నాం.

పాపకు బ్లాడర్ బిగుతు తగ్గించే ఆక్సీబ్యుటినిన్ మందు ఇస్తుంటే ఎండాకాలం జాగ్రత్త. ఆ మందుకు చెమట తగ్గుతుంది, ఒళ్లు త్వరగా వేడెక్కుతుంది. మే నెలలో ముఖం ఎర్రబడి నీరసంగా ఉంటే నీడకు తీసుకొచ్చి ఒళ్లు చల్లబరచి, డాక్టరుకు ఫోన్ చేయండి. నీళ్లు ఎక్కువ తాగే రోజుల్లో కెథెటర్ మధ్య గంటలు తగ్గించాల్సి వస్తుంది, అది కూడా ముందే అడిగి పెట్టుకోండి. ఇంకోటి, స్పైనా బిఫిడా పిల్లలకు లేటెక్స్ (సహజ రబ్బరు) ఎలర్జీ ఎక్కువగా వస్తుంది. గ్లోవ్స్, కెథెటర్, ట్యూబు ఏదైనా లేటెక్స్ లేనిదే కొనండి.

జ్వరం, చలి, మూత్రంలో రక్తం, వాంతులు ఉంటే కొలతలు పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఎక్కువ అంకె చూడాలని కెథెటర్ టైము దాటించడం మాత్రం ఎప్పుడూ చేయకండి. ఈ జవాబు చూస్తున్న పెద్దవాళ్లలో వెన్నెముక దెబ్బ ఛాతీ పైభాగంలో గానీ, మెడలో గానీ తగిలినవాళ్లకు ఇది మరీ ముఖ్యం. వాళ్లకు బ్లాడర్ నిండితే బీపీ ఒక్కసారిగా ప్రమాదకరంగా పెరగొచ్చు.

ఇక్కడికి వచ్చినప్పుడు పంజాగుట్ట నిమ్స్‌లో యూరాలజీ, నిలోఫర్‌లో పిల్లల సర్జరీ విభాగాలు ఉన్నాయి, మీరు చూపించుకుంటున్న చోటే అడిగినా సరే. తేదీ, టైము, ప్రెషర్, ఎం.ఎల్., ఆ రోజు విరేచనం అయిందా లేదా, ఈ ఐదూ ఒకే కాగితం మీద రాసి తీసుకెళ్లండి. ఓపీలో డాక్టరు దగ్గర దొరికేది కొద్ది నిమిషాలే, గీతలు కొట్టి వరసగా ఉన్న కాగితమైతే వాళ్లు తప్పకుండా చూస్తారు.