సముద్రం ఒడ్డు ఇంటికి వేసవిలో చుట్టాలొస్తుంటే

చి.సౌ. అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీర్వదించి రాస్తున్నది. వేసవి సెలవులకి మీ ఆడపడుచులిద్దరూ పిల్లల్ని తీసుకుని, మీ అత్తగారు, మామగారితో సహా మొత్తం పది మంది వారం రోజులు ఉండటానికి వస్తున్నారనీ, మంచాలు సరిపోవేమోననీ రాశావు. మంచాల గురించి బెంగ పెట్టుకోకు. పరుపులు నేలమీద పరిచినా రాత్రి గడిచిపోతుంది. ట్యాంకులో నీళ్లు అయిపోతే మాత్రం పూట గడవదు. సముద్రం ఒడ్డు ఇంట్లో ముందు నీళ్ల లెక్క చూసుకోవాలి, తర్వాత ఇసుక సంగతి, ఆ తర్వాత అలల్లోకి దిగినప్పుడు ఎవరు ఎవర్ని కనిపెట్టుకుని ఉంటారన్నది. ఈ మూడూ కుదిరితే మిగతావి ఎలాగోలా సర్దుకుంటాయి.

నీళ్ల లెక్క ఇలా వేసుకో. సముద్రానికి వెళ్లొచ్చిన రోజున మనిషికి రెండు స్నానాలు తప్పవు. షవర్ నిమిషానికి 8 నుంచి 10 లీటర్లు పోస్తుంది, ఐదు నిమిషాలు నిలబడితే దాదాపు 45 లీటర్లు. మీతో కలిపి పన్నెండు మందికి రెండేసి స్నానాలంటే వెయ్యి లీటర్ల ట్యాంకు స్నానాలకే ఖాళీ. అదే 20 లీటర్ల బకెట్టుతో పోసుకుంటే 480 లీటర్లతో సరిపోతుంది. అందుకని ఆ వారం షవర్ వాడకుండా బాత్రూంలో బకెట్టూ చెంబూ పెట్టు. మోటారు పొద్దున్న ఒకసారి, మధ్యాహ్నం అందరూ స్నానాలు ముగించాక ఒకసారి వేసే పని అల్లుడుగారికి అప్పజెప్పు. తాగే నీళ్లు ఎండల్లో మనిషికి రోజుకి మూడు లీటర్ల చొప్పున చూసుకుంటే 36 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు రెండు. మూడోది ఎప్పుడూ నిండుగా పక్కన ఉండాలి.

ఇసుక దగ్గర చాలామంది పొరపాటు పడతారు. లోపలికొచ్చాక ఊడ్చుకోవచ్చులే అనుకుంటారు. ఊడ్చేది నేలమీద ఇసుకనే కదా, బాత్రూం గొట్టంలోకి దిగినదాన్ని ఏం చేస్తాం? ఇసుక బరువుకి గొట్టం వంపులో కూర్చుంటుంది, దానిమీద వెంట్రుకలూ సబ్బు జిడ్డూ పట్టుకుంటాయి, మూడో రోజుకల్లా నీళ్లు వెనక్కి తన్నుతాయి. ఇల్లంతా జనం ఉన్నప్పుడు ఆ అవస్థ చెప్పనలవి కాదు. గుమ్మం బయట రెండు తొట్లు పెట్టు. మొదటిదాంట్లో కాళ్లు మోకాళ్ల దాకా కడుక్కోవాలి, రెండోదాంట్లో మళ్లీ ముంచి తీయాలి. తర్వాత గోనెపట్టా మీద కాళ్లు తుడుచుకుని, లోపల వాడే చెప్పులు వేసుకుని ఇంట్లోకి రావాలి. తొట్టి నీళ్లు పెరట్లో మట్టిలో పారబొయ్యి. చిన్నపిల్లల ఒంటికి అంటిన తడి ఇసుకని తుడిస్తే ఒరుసుకుని చర్మం మండుతుంది. పొడి తువ్వాలుతో అద్ది, ఆరనిచ్చి, కాస్త టాల్కం పౌడర్ చల్లి దులుపు. పౌడర్ తడి పీల్చేసుకోవడంతో ఇసుక దానంతటదే రాలిపోతుంది. చల్లేటప్పుడు మొహం దగ్గరికి మాత్రం పోనివ్వకు.

తువ్వాళ్లూ ఈతబట్టలూ సముద్రం నుంచి రాగానే మంచినీళ్లలో ఒక్కసారి జాడించి ఆరెయ్యి. ఎండలో వేశాంగా, అదే ఆరుతుందిలే అని వదిలేస్తే మధ్యాహ్నానికి ఆరినట్టే ఉంటుంది, సాయంత్రానికి మళ్లీ చెమ్మగా తగులుతుంది. బట్టలో మిగిలిన ఉప్పు గాలిలో తేమని లాక్కోవడమే దీనికి కారణం. మర్నాటికి ముక్కవాసన. ఆ తడి లాగులతోనే పిల్లలు తిరిగితే తొడల మధ్య ఒరుసుకుని ఎర్రగా కందిపోతుంది, ఆ తర్వాత నడవడానికే ఏడుస్తారు. మనిషికి రెండు తువ్వాళ్లు ఉండాలి, సముద్రానికొకటి, స్నానానికొకటి. కుటుంబానికో రంగు దారం అంచున కుట్టేస్తే నాది ఏదీ అన్న గోల ఉండదు.

ఇవన్నీ నువ్వొక్కదానివే సమకూర్చలేవు, సమకూర్చనక్కర్లేదు కూడా. ఏం తెమ్మంటావని మీ ఆడపడుచులు అడిగితే మొహమాటానికి పోయి, ఏమీ వద్దు, మీరొస్తే చాలు అనకు. వాళ్లు మనస్ఫూర్తిగానే అడుగుతారు. తువ్వాళ్లు, రబ్బరు చెప్పులు, టోపీలు, పిల్లలకి పొడుగు చేతుల చొక్కాలు, పిల్లల బరువుకి సరిపోయే లైఫ్‌జాకెట్లు తెమ్మని చెప్పు. పెద్దవాళ్ల మందులు ఉండే రోజులకి మించి మరో మూడు రోజులకి సరిపడా, డాక్టరు చీటీతో సహా తెచ్చుకోమను. వచ్చే తేదీతోపాటు వెళ్లే తేదీ కూడా ఆ ఫోన్‌లోనే అడుగు. ముందే అడిగితే ఏర్పాట్ల కోసం అనుకుంటారు, వచ్చాక అడిగితే వెళ్లగొడుతున్నట్టు వినిపిస్తుంది. ఖర్చు విషయంలో డబ్బు పంచుకోవడం కన్నా పూటలు పంచుకోవడం మేలు. ఫలానా రోజు రాత్రి భోజనం మీది, ఫలానా రోజు టిఫిను మీది అంటే సరుకు తేవడం, వండటం, గిన్నెలు సర్దడం అన్నీ అందులోనే వచ్చేస్తాయి. చుట్టరికంలో లెక్కల మాట రాదు.

ఎండని బట్టే రోజు నడవాలి. ఎండ తీవ్రత పది నుంచి నాలుగు దాకా ఎక్కువ, కాబట్టి సముద్రం పొద్దున్న పది లోపల, సాయంత్రం నాలుగు దాటాక. గడియారం లేకపోతే నీడ చూసుకోండి. నీడ మనిషికన్నా పొట్టిగా ఉందంటే ఇంట్లో ఉండాల్సిన వేళ. ఎస్‌పీఎఫ్ 30 కి తగ్గని సన్‌స్క్రీన్ బయల్దేరే ముందు, ఇంట్లోనే, ఒక పావుగంట ముందుగా రాయాలి. ఒడ్డుకెళ్లాక రాస్తే చేతులనిండా ఇసుకే. పెద్దవాళ్లకి ఒళ్లంతటికీ దాదాపు 30 మిల్లీలీటర్లు పడుతుంది. చిటికెడు పూసుకుని రాశామనుకుంటే ఫలితం ఉండదు. రెండు గంటలకోసారీ, నీళ్లలోంచి వచ్చినప్పుడల్లా మళ్లీ రాయాలి. చెవుల పైభాగం, మెడ వెనక, పాదాల పైన అందరూ మర్చిపోతారు. మబ్బు పట్టిన రోజునా చర్మం కమిలిపోతుంది.

వంట దీన్నిబట్టి సర్దుకో. పొద్దున్న తేలికగా ఏదో ఒకటి, సముద్రం నుంచి వచ్చాక పెద్ద భోజనం, అది వెళ్లేముందే సగం తయారై ఉండాలి. వండినవి గదిలో రెండు గంటలకు మించి బయట పెట్టకు. ఎండ 32 డిగ్రీలు దాటిందంటే గంటే. పెద్ద గిన్నెని వేడివేడిగా ఫ్రిజ్‌లో తోసేస్తే నడిమధ్యన చాలాసేపు వెచ్చగానే ఉండి పాడవుతుంది, పక్కనున్నవాటినీ వేడెక్కిస్తుంది. లోతు తక్కువ గిన్నెల్లోకి పంచి పెట్టు. పిల్లలు చల్లటి నీళ్ల కోసం ఫ్రిజ్ తలుపు క్షణానికోసారి తీస్తుంటే లోపల చల్లదనం నిలవదు. తాగే సీసాలు ఐసుపెట్టెలో వేసి వరండాలో పెట్టు, వంటింటి ఫ్రిజ్ జోలికి ఎవరూ రారు. మీ మామగారి ఇన్సులిన్ ఫ్రిజ్ తలుపులో కాకుండా, గడ్డకట్టే అరకి దూరంగా మధ్య అరలో ఒక డబ్బాలో ఉంచు. గడ్డకట్టిన ఇన్సులిన్ మళ్లీ కరిగినా పనికిరాదు.

మీ అత్తగారు, మామగారు ఒడ్డున కూర్చుంటామంటే కుర్చీ కాళ్ల కింద రెండు చెక్కపలకలు వెయ్యండి. ఉత్త ఇసుకలో వెనక కాళ్లు దిగబడి కుర్చీ వెనక్కి ఒరుగుతుంది, లేవబోయేటప్పుడే పడిపోతారు. బాత్రూం గుమ్మంలో జారని పట్టా, రాత్రంతా ఒక చిన్న దీపం. గదుల విషయానికొస్తే పగలు గాలి సముద్రం మీంచి నేలమీదికి, రాత్రి నేల మీంచి సముద్రం మీదికి వీస్తుంది. అందుకే మధ్యాహ్నం సముద్రం వైపు కిటికీలు, రాత్రి పొద్దుపోయాక వెనకవైపువి తీసి ఉంచాలి. రాత్రి కూడా ముందు గదే చల్లగా ఉంటుందని పెద్దవాళ్లకి అదే ఇవ్వనక్కర్లేదు.

ఇప్పుడు సముద్రం సంగతి. ఇది మాత్రం అందరికీ కలిపి, వచ్చిన మొదటి సాయంత్రమే, ఎవరూ నీళ్లలోకి దిగకముందే చెప్పాలి. లైఫ్‌గార్డులు ఉన్నచోటే దిగండి. సగం ఎరుపు, సగం పసుపు ఉన్న జెండాలు రెండు పాతి ఉంటే ఆ రెండింటి మధ్యే. ఎర్ర జెండా ఉంటే ఆ పూట ఇసుకలో ఆటలే.

ఒడ్డున నిలబడి ముందు ఒక పది నిమిషాలు అలల్ని చూడండి. తెల్లగా విరుగుతున్న అలల వరసలో ఒకచోట మాత్రం అల విరగకుండా, నీళ్లు ముదురు రంగులో నున్నగా కనిపిస్తాయి. నురగో నాచో ఒడ్డు నుంచి లోపలికి పోతూ ఉంటుంది. చూసినవాళ్లకి అదే నెమ్మదైన చోటు అనిపించి పిల్లల్ని సరిగ్గా అక్కడే దింపుతారు. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ వెనక్కి వెళ్లే దారి అది, రిప్ కరెంట్. బలంగా ఉన్నప్పుడు గజఈతగాడు కూడా దానికి ఎదురు ఈదలేడు. అందులో పడితే ఒడ్డుకేసి ఈదడానికి పెనుగులాడి అలసిపోవడంవల్లే ప్రాణం మీదికొస్తుంది. అది కిందికి లాగదు, దూరంగా మాత్రమే తీసుకుపోతుంది. వెల్లకిలా తేలుతూ చెయ్యి ఊపాలి, ఓపిక ఉంటే ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, లాగడం ఆగాక అలలు విరుగుతున్న చోటినుంచి వెనక్కి రావాలి. ఒడ్డున ఉన్నవాళ్లు ఆవేశపడి ఉత్తచేతులతో దూకొద్దు. కాపాడబోయినవాళ్లే పోతుంటారు. మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యానుకి పొడుగాటి తాడు కట్టి ప్రతిసారీ వెంట తీసుకెళ్లండి, అది విసిరితే పట్టుకుని తేలతారు.

పది మంది పెద్దలు ఒడ్డున ఉన్నా పిల్లల్ని చూసేది ఎవరూ ఉండకపోవచ్చు, ఎవరో ఒకరు చూస్తున్నారులే అని అందరూ అనుకుంటారు కాబట్టి. అందుకని కాపలా పేరుపెట్టి అప్పగించు. ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు, చేతిలో ఫోన్ ఉండకూడదు, కబుర్లు కూడదు, మద్యం ముట్టినవాళ్లకి ఆ రోజు కాపలా ఇవ్వొద్దు. మెళ్లో ఒక ఈల వేసుకోవాలి, తన వంతు అయ్యాక ఆ ఈలని తర్వాతివాళ్ల చేతికిచ్చి, ఇక నువ్వు చూడు అని నోటితో చెప్పాలి. మునిగేవాళ్లు అరుస్తారనుకోవద్దు. నోరు నీటి మట్టానికి వస్తుంది, తల వెనక్కి వాలుతుంది, చేతులు పక్కలకి చాచి నీళ్లని అదుముతుంటారు, చప్పుడు ఉండదు. నిమిషంలోపే మునిగిపోతారు. ఈత రాని పిల్లలు పెద్దవాళ్ల చెయ్యి అందేంత దూరంలోనే ఉండాలి. గాలి నింపిన బొమ్మలూ ట్యూబులూ ఇంట్లో వదిలేసి రమ్మను, నేల వైపు నుంచి గాలి వీస్తే చూస్తుండగానే సముద్రం లోపలికి కొట్టుకుపోతాయి. నీలం, తెలుపు బట్టలు నీళ్లలో కలిసిపోయి కనిపించవు. నారింజ, మెరిసే పసుపు, మెరిసే గులాబీ రంగువి తొడగండి. ఇసుకలో గొయ్యి తవ్వితే అందరికన్నా చిన్న పిల్లాడి మోకాలు లోతు దాటకూడదు, పక్కలు కూలితే లోపలున్నవాళ్లు కూరుకుపోతారు. ఆడి వచ్చేటప్పుడు పూడ్చి రండి.

పోటు వేళ రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, కాబట్టి నిన్న ఖాళీగా ఉన్న ఇసుక ఇవాళ అదే వేళకీ ఖాళీగానే ఉంటుందనుకోకండి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీళ్లు ఇంకా పైకొస్తాయి. చాపలూ సంచులూ తడిసి గట్టిపడిన ఇసుక గీతకి పైనే పెట్టండి. ఉరుము వినబడిందంటే అందరూ బయటికి, ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా మళ్లీ దిగొద్దు.

జెల్లీఫిష్ తగిలితే ఇసుకతో రుద్దొద్దు, మంచినీళ్లు పొయ్యొద్దు, విషం ఇంకా ఎక్కుతుంది. సముద్రపు నీళ్లతోనే కడిగి, పోగులుంటే పట్టకారుతో తీసి, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో ఇరవై నిమిషాలు ఉంచాలి. నీళ్లు 45 డిగ్రీలు దాటకూడదు, ముందు నీ చెయ్యి పెట్టి చూసుకో. ఊపిరి ఇబ్బందైనా, మొహం వాచినా, చాలామేర కుట్టినా నేరుగా ఆసుపత్రికే. ఎండదెబ్బకి నీరసిస్తే లీటరు మంచినీళ్లలో ఆరు సమంగా నింపిన టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు కలిపి కొంచెం కొంచెంగా తాగించండి. మాట తడబడినా, ఒళ్లు కాలిపోతున్నా నీడకి చేర్చి తడిగుడ్డలతో చల్లారుస్తూ వెంటనే అంబులెన్స్ పిలవండి, తెలివి తప్పుతున్నవాళ్ల నోట్లో నీళ్లు పొయ్యొద్దు.

మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా నీ తలుపు వేసుకో. మొదటి రోజే, ఈ వేళ నేను పడుకుంటానండీ అని మీ అత్తగారితో నువ్వే చెప్పు, ఆవిడా సంతోషంగా పడుకుంటారు. ఇంటి తాళంచెవులు రెండు అదనంగా చేయించి గుమ్మం దగ్గర మేకుకి వేలాడదీస్తే ఎవరు ఎప్పుడొచ్చినా నిన్ను లేపరు. ఒకరోజు సాయంత్రం వాళ్లందర్నీ పంపించి, మీరిద్దరూ ఇంట్లో ఉండండి.

బయల్దేరే రోజు పొద్దున్న సముద్రం వద్దు. ఈతబట్టలు ముందురోజు మధ్యాహ్నమే ఆఖరుసారి ఉతికేస్తే పొడిగా సర్దుకోవచ్చు. పరుపుల కింద, ప్లగ్గుల దగ్గర, ఫ్రిజ్ మధ్య అరలో ఒకసారి చూడమను. వాళ్లు వెళ్లాక దుప్పట్లు ఉతికే ముందు బయట బాగా దులుపు, లేకపోతే ఆ ఇసుక వాషింగ్ మెషీన్ లోపలికి పోతుంది. కిటికీ బందులూ గడియలూ మంచినీళ్ల గుడ్డతో తుడిచి, ఆరాక చుక్క నూనె వెయ్యి.

అల్లుడుగారిని అడిగానని చెప్పు. నీళ్ల క్యాను తాడు కనీసం పదిహేను మీటర్లు ఉండేలా చూడమను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ