జీతంలో కొంత నైరాల్లో వస్తోంది… పొదుపు ఎక్కడ చేయాలి?

ప్రశ్న: మాది గుంటూరు. వయసు 41. నైజీరియాలోని లాగోస్‌లో ఒక ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో ప్రొడక్షన్ మేనేజర్‌గా పనిచేస్తున్నాను. జీతంలో సగం డాలర్ల లెక్కన ఇండియా ఖాతాలో పడుతుంది, మిగతా సగం ఇక్కడే, ఈ దేశపు కరెన్సీ అయిన నైరాల్లో ఇస్తారు. భార్య, ఇద్దరు పిల్లలు గుంటూరులోనే ఉంటారు. ఇంటి లోన్‌ ఈఎంఐ నెలకు 32,000 రూపాయలు. మిగిలిన నైరాలను ఇక్కడి బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేస్తే 18 శాతం వడ్డీ వస్తుందట. మన దగ్గర 7 శాతం రావడమే కష్టం కదా. చేయమంటారా?

జవాబు: వద్దండి. అక్కడి ఖర్చులకు మూడు నెలలకు సరిపడా ఉంచుకుని, మిగతాది నైరాల్లో ఉంచకండి. 18 శాతం చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ అంత వడ్డీ ఎందుకు ఇస్తున్నారో ముందు చూడాలి.

2023 మే నెలలో అధికారిక రేటు డాలరుకు సుమారు 460 నైరాలు. ఆ రేటుకు బ్యాంకులో డాలర్లు దొరకడం గగనం కాబట్టి, బయటి మార్కెట్‌లో నడిచిన 750నే తీసుకుందాం. 10 లక్షల నైరాలంటే దాదాపు 1,330 డాలర్లు. వాటిని 20 శాతం వడ్డీకి ఏడాది వేశారనుకోండి, 12 లక్షలు చేతికొస్తాయి. అయితే 2024 జూన్ నాటికి డాలరు 1,500 నైరాల దగ్గరికి చేరింది. అంటే మీ చేతికొచ్చేది 800 డాలర్లు. అంత వడ్డీ వచ్చినా అసలులోనే 40 శాతం పోయింది.

ఇది మళ్లీ జరగదని ఎవరూ హామీ ఇవ్వలేరు. నైజీరియాలో 1956లో ఒలోయిబిరి దగ్గర చమురు బయటపడింది. 1970ల నుంచి ఆ దేశానికి వచ్చే డాలర్లలో అత్యధిక భాగం చమురు, గ్యాస్ ఎగుమతులవే. అంత చమురు ఉండి కూడా ప్రభుత్వ రిఫైనరీలు సరిగా నడవక, పెట్రోలును ఏళ్ల తరబడి విదేశాల నుంచి కొన్నారు. దాన్ని జనానికి చౌకగా ఇవ్వడానికి సబ్సిడీ భరించారు. దాంతో ముడి చమురు ధర పెరిగినప్పుడు రావాల్సిన లాభాన్ని సబ్సిడీ మింగేసేది, ధర పడిపోతే ఖజానాకు వచ్చేదే తగ్గేది. 2012 జనవరిలో సబ్సిడీ ఎత్తేస్తే జనం వీధుల్లోకి వచ్చారు, ప్రభుత్వం కొంత వెనక్కి తగ్గింది. చివరికి 2023 మే 29న అధ్యక్షుడు బోలా టినుబు ప్రమాణ స్వీకారం రోజునే సబ్సిడీ పోయిందని ప్రకటించారు. వెంటనే జూన్‌లో నైరా రేటును మార్కెట్‌కు వదిలేశారు. ఈ రెండూ ఎప్పుడో ఒకప్పుడు తప్పని నిర్ణయాలేనని నా అభిప్రాయం. కానీ పేదలకు ముందుగా ఏ ఆసరా చూపకుండా ఒకేసారి మీద వేయడం చాలా అన్యాయం. 2024 డిసెంబరుకల్లా ద్రవ్యోల్బణం 34.8 శాతానికి చేరింది. మీ ఫ్యాక్టరీలో మీ కింద పనిచేసేవాళ్ల ఇళ్లలో ఆ ఏడాది ఎలా గడిచిందో నాకంటే మీకే బాగా తెలుసు.

2025లో నైరా కుదుటపడిన మాట నిజమే. రోజుకు 6,50,000 బ్యారెళ్ల సామర్థ్యం ఉన్న డాంగోటే రిఫైనరీ వచ్చాక పెట్రోలు దిగుమతుల అవసరం కూడా తగ్గుతోంది. ఆ ఏడాది నైరా డిపాజిట్లతో బాగుపడ్డవాళ్లు ఉన్నారు. అయినా మీ విషయంలో నా సలహా మారదు, ఎందుకంటే అసలు చిక్కు వడ్డీ దగ్గర లేదు. మీ ఫ్యాక్టరీకి ముడిసరుకు కొనాలంటే డాలర్లు కావాలి. చమురు ధర పడి డాలర్లకు కటకట వస్తే ఫ్యాక్టరీ పని తగ్గుతుంది, మీ ఉద్యోగానికి టెన్షన్ మొదలవుతుంది, సరిగ్గా అదే సమయంలో మీ నైరాల విలువా పడిపోతుంది. జీతం ఎలాగూ ఆ చమురు మీదే ఆధారపడి ఉంది. పొదుపును కూడా అక్కడే కట్టేస్తే పిల్లల చదువులకు మిగిలేదేమిటి?

కాబట్టి మిగిలిన నైరాలను ప్రతి నెలా మార్చి పంపేయండి. రేటు బాగుపడుతుందేమోనని ఆగకండి. పంపేది బ్యాంకు ద్వారానే, జీతం స్లిప్పులు, పన్ను కాగితాలు చూపించి. బయటి ఏజెంట్లు మంచి రేటు ఇస్తామన్నా హవాలా జోలికి వెళ్లొద్దు, అది మన చట్టానికి విరుద్ధం. ఇండియాకు వచ్చిన డబ్బులో ముందుగా ఈఎంఐతో కలిపి ఏడాది ఇంటి ఖర్చు ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్‌లో (విదేశాల్లో ఉండేవాళ్లు అక్కడి సంపాదనను ఇక్కడ రూపాయల్లో దాచుకునేది) వేయండి. మామూలుగా ఆరు నెలలు చాలంటాను, మీ పరిస్థితికి పన్నెండు ఉండాలి. ఆపై మిగిలినదాంట్లో కొంత ఎఫ్‌సీఎన్‌ఆర్ డిపాజిట్‌లో (ఎన్‌ఆర్‌ఐలు విదేశీ కరెన్సీలోనే దాచుకునేది) ఏడాది నుంచి ఐదేళ్ల వరకు డాలర్లలోనే ఉంచుకోవచ్చు. మీరు ఎన్‌ఆర్‌ఐగా ఉన్నంతకాలం ఈ రెండింటి వడ్డీకీ ఇక్కడ ఆదాయపు పన్ను లేదు. పిల్లల చదువులకు పదేళ్ల టైమ్ ఉంటే ఇండెక్స్ ఫండ్‌లో (షేర్ మార్కెట్ సూచీని అనుసరించే మ్యూచువల్ ఫండ్) సిప్, అంటే నెలనెలా కొంత కట్టడం, కూడా మొదలుపెట్టండి.

ఇవన్నీ నెల మొదట్లోనే ఖాతా నుంచి వాటంతటవే వెళ్లేలా బ్యాంకుకు రాసివ్వండి. చేతికి అందేలా ఉంచిన పొదుపు ఎలా కరిగిపోతుందో నైజీరియానే చూడండి. చమురు ధర బాగున్నప్పుడు వచ్చిన అదనపు డబ్బును దాచిన ఖాతాలో 2008లో సుమారు 2,000 కోట్ల డాలర్లు ఉండేవి. తీయకుండా ఆపే గట్టి చట్టం లేక, రాష్ట్రాల గవర్నర్లు వాటాలు అడుగుతూ పోగా రెండేళ్లలో చాలావరకు ఖాళీ అయింది. 2011లో చట్టం చేసి వేరే నిధి పెట్టారు గానీ, అప్పటికి మంచి రోజుల డబ్బు వెళ్లిపోయింది.

ఇంకొకటి. ఈసారి కాంట్రాక్ట్ రెన్యువల్‌లో జీతం పెంచమని అడిగేకంటే, డాలర్ల వాటాను సగం నుంచి 70 శాతానికి పెంచమని అడగండి. ఏ తేదీ రేటుతో లెక్కకడతారో కూడా అందులో రాయించుకోండి.