హైదరాబాద్‌లో శని, ఆదివారాలు: నలుగురికి 12 వేలు సరిపోతాయా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, గాజువాక. ఇద్దరం ప్రైవేటు ఉద్యోగులమే, కలిపి నెలకు 58 వేలు వస్తాయి. పిల్లలకు 13, 8 ఏళ్లు. వచ్చే నెల ఓ శుక్రవారం గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో బయల్దేరి, శనివారం పొద్దున్నే నాంపల్లిలో దిగుతాం. ఆదివారం సాయంత్రం మళ్లీ గోదావరికే తిరుగు ప్రయాణం. రైలు టిక్కెట్లు కొనేశాం. బసకు, తిండికి, తిరగడానికి 12 వేలు అనుకున్నాం. యాప్‌లో నాంపల్లి దగ్గర గది 1,899కి కనిపిస్తోంది. ఎక్కడ దిగితే మంచిది? గదికి వడ్డీ లేని ఈఎంఐ పెడదామని మావారు అంటున్నారు. పెట్టొచ్చా?

జవాబు: సరిపోతాయి. కాకపోతే గదిలోకి ఏ గంటకు అడుగుపెడతారన్న దాని మీదే మీ లెక్క సగం ఆధారపడి ఉంది.

నాంపల్లి, లక్డీకాపూల్ లాడ్జిల్లో చాలావాటికి 24 గంటల పద్ధతి ఉంటుంది. రిజిస్టర్లో సంతకం పెట్టిన గంట నుంచి మర్నాడు అదే గంట వరకు ఒక రోజు. రైలు దిగి పొద్దున ఆరున్నరకే గది తీసుకున్నారనుకోండి, ఆదివారం ఆరున్నరకు ఖాళీ చేయాలి. మీ రైలేమో సాయంత్రం ఐదు దాటాక. మధ్యాహ్నం దాకా ఉంటే రెండో రోజు అద్దె పడుతుంది. చాలామంది బిల్లు చేతికొచ్చాక గొడవపడేది ఇక్కడే. మధ్యాహ్నం 12కి చెక్ ఇన్ ఉండే హోటళ్లలోనూ పొద్దున్నే వెళితే సగం రోజు అద్దె అడగొచ్చు.

అందుకని శనివారం మధ్యాహ్నం ఒంటిగంటన్నర దాటాక గదిలోకి వెళ్లండి. ఆదివారం అదే వేళకు ఖాళీ చేసి, భోంచేసి, నాలుగింటికల్లా స్టేషన్లో ఉండొచ్చు. ఒకే రోజు అద్దెతో సరిపోతుంది. రిజిస్టర్లో వచ్చిన టైమ్ వేసేది రిసెప్షన్ వాళ్లు. అది మీ కళ్ల ముందే వేయించి, దాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకోండి. పొద్దున బ్యాగులు మాత్రం పెట్టుకోనిస్తారా అని ముందే ఫోన్ చేసి అడగండి. కుదరకపోతే రైల్వే క్లోక్‌రూమ్ ఉంది. అక్కడ తాళం వేసిన బ్యాగులే తీసుకుంటారు, టిక్కెట్టు చూపించాలి. జిప్పుకు తాళం కప్ప ఇంట్లోనే వేసుకుని బయల్దేరండి.

ఇక 1,899 సంగతి. యాప్‌లో నలుగురినీ, పిల్లల వయసులతో సహా నమోదు చేసి మళ్లీ చూడండి. మొదట కనిపించే ధర సాధారణంగా ఇద్దరికే. 12 ఏళ్లు దాటిన పిల్లలను చాలాచోట్ల పెద్దవాళ్ల కిందే లెక్కేస్తారు. అదనపు పరుపుకు 500 వేసుకుంటే 2,399. రోజుకు 7,500 వరకు ఉన్న గదులకు 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది కాబట్టి ఇంకో 120. మొత్తం 2,519. యాప్ వాళ్ల రుసుము కూడా కలుపుకొని 2,600 అనుకోండి. పొద్దున్నే గదిలో దిగితే ఇదే ఖర్చు ఐదు వేలు దాటేది.

హైటెక్ సిటీ వైపు ఆఫీసు పనుల మీద వచ్చేవాళ్ల కోసం కట్టిన హోటళ్లు శుక్ర, శనివారాల్లో ఖాళీగా ఉంటాయి, ధరలూ దిగుతాయి. విశాఖలో బీచ్ దగ్గర హోటళ్లు శనివారం పెంచితే ఇక్కడ తగ్గిస్తారన్నమాట. అయినా మీకు అది వద్దు. మీరు దిగేదీ ఎక్కేదీ నాంపల్లిలో, చూడాల్సినవి పాతబస్తీలో. గదిలో మిగిలింది ఆటోల పాలవుతుంది.

శనివారం పొద్దున స్టేషన్లో మొహాలు కడుక్కుని మెట్రో ఎక్కండి. నాంపల్లి నుంచి ఎంజీబీఎస్ మూడో స్టేషన్, రైలు మారే పని లేదు. అక్కడి నుంచి ఆటోలో చార్మినార్. పొద్దున గుల్జార్ హౌజ్ దగ్గర బండి మీద దోసెలు, చార్మినార్ పక్కనే నిమ్రాలో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. 350లో నలుగురి కడుపూ నిండుతుంది. చార్మినార్‌కు మనిషికి 25 రూపాయలు, 15 ఏళ్లలోపు వాళ్లకు టిక్కెట్టు లేదు. గోల్కొండకూ అంతే. మీ పిల్లలిద్దరూ ఉచితమే. సాలార్‌జంగ్ మ్యూజియానికి సెలవు శుక్రవారం కాబట్టి ఆ బెంగ లేదు.

బస్సుల విషయంలో ఒకమాట. తెలంగాణలో మహిళల ఉచిత ప్రయాణం ఆ రాష్ట్ర చిరునామా ఉన్న గుర్తింపు కార్డుకే. ఆంధ్రా ఆధార్ చూపిస్తే కండక్టర్ టిక్కెట్టు కొట్టేస్తారు. ఆటోలకు, మెట్రోకు కలిపి 1,500 పక్కన పెట్టండి.

తిండిలో డబ్బంతా ఒక్క పూట మీద పెట్టమంటాను. ఆ పూట శనివారం మధ్యాహ్నం. మదీనా దగ్గర షాదాబ్‌లో పన్నెండున్నరకల్లా కూర్చోండి. రాత్రి తొమ్మిదికి వెళితే నిద్రకు తూగే పిల్లలతో టేబుల్ కోసం నిలబడాలి. నలుగురికి నాలుగు బిర్యానీలు చెప్పొద్దు. రెండు చెప్పి, ఒక స్టార్టర్ తీసుకోండి, చాలకపోతే మూడోది ఎలాగూ తెస్తారు. సీసా నీళ్లు తెరవక ముందే మామూలు నీళ్లు కావాలనండి. ఈ పూటకు 1,500. ఆ బరువుకు రాత్రి ఇడ్లీయో చపాతీయో చాలు, 600. ఆదివారం టిఫిన్ 350, మధ్యాహ్నం భోజనం 1,000, రైల్లోకి పార్సిల్ 500, మోజంజాహీ మార్కెట్లో ఐస్‌క్రీములు, చాయ్‌లు 600. శనివారం దోసెలతో కలిపితే తిండికి 4,900.

బిల్లులో 5 శాతం జీఎస్టీ మామూలే. దాని పైన సర్వీస్ ఛార్జీ అని వేస్తే తీసేయమనండి. అది కస్టమర్ ఇష్టమేనని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది. వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు.

గది 2,600, తిండి 4,900, రవాణా 1,500, టిక్కెట్లకు 500, బిస్కెట్లు, గాజులకు 1,000. మొత్తం 10,500. మిగతా 1,500 కదపకండి. జ్వరం మాత్రలో, వానలో క్యాబో అడగకుండానే వచ్చిపడతాయి.

ఈఎంఐ వద్దు. వడ్డీ లేదంటారు గానీ బ్యాంకు వడ్డీ వేస్తుంది, ఆ మేరకు అమ్మేవాళ్లు ధర తగ్గిస్తారు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మాత్రం మీదే. ప్రాసెసింగ్ ఫీజు 299 అనుకుంటే పన్నుతో 353. 2,600 గదికి అది 13 శాతం పైనే. ప్రయాణం మానుకుంటే గది డబ్బు వెనక్కి రావచ్చు, ఆ ఫీజు సాధారణంగా రాదు. ఈ నెల ఆరు, వచ్చే నెల ఆరు వేలు జీతం పడిన రోజే విడిగా తీసి పెట్టండి. అత్యవసరానికి దాచిన డబ్బు జోలికి వెళ్లాల్సి వస్తే మాత్రం ప్రయాణాన్ని ఒక నెల వాయిదా వేయండి.

చెక్ ఇన్ టైమ్ కనుక్కోవడానికి హోటల్ నంబరు కోసం ఇంటర్నెట్‌లో వెతికితే నకిలీలూ తగులుతాయి. బుకింగ్ కాగితం మీద వచ్చిన నంబరుకే చేయండి. ఫోన్లో అడ్వాన్సు యూపీఐ చేయమంటే డబ్బు పంపకుండా ఫోన్ కట్ చేసేయండి. పెద్దవాళ్లిద్దరి ఒరిజినల్ ఆధార్లు వెంట ఉండాలి, ఫోన్‌లో ఫొటో చూపిస్తే కొన్ని లాడ్జిలు గది ఇవ్వవు.