విరోచనాలు తగ్గని ఫెర్రెట్‌కి పెరుగన్నం పెట్టొచ్చా?

పెట్టకూడదు, ఎందుకంటే ఇళ్లలో పెంచుకునే ఫెర్రెట్ అనే ఈ చిన్న జంతువు పూర్తిగా మాంసాహారి. అన్నం, పాల పదార్థాలు దాని కడుపుకి సరిపడవు.

ముంగిసలా సన్నగా ఉండే ఈ జంతువుకి పేగు చాలా పొట్టి. పీచునీ పిండినీ పులియబెట్టి అరిగించే అంధాంత్రం (చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోట ఉండే సంచి) అసలే లేదు. తిన్నది 3, 4 గంటల్లోనే బయటికొచ్చేస్తుంది.

అమలాపురంలో ఒక ఇంట్లో పొద్దున్న 8 గంటలకి పెరుగన్నం పెట్టారనుకోండి. మధ్యాహ్నానికల్లా అది మలవిసర్జన చేసే ట్రేలో పల్చటి మలం, అందులో నూకల్లాంటి పలుకులు కనిపించవచ్చు. అది అరగని తిండి. దానికి బదులు ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి వేయకుండా ఉడికించిన కోడిమాంసం ఎముకలు తీసి, మెత్తగా నూరి, ఆ ఉడికిన నీళ్లతోనే జారుగా కలిపి కొద్దికొద్దిగా పెట్టండి. ఇది కొన్నాళ్ల ఉపశమనానికే. రోజూ పెట్టే ఆహారం డాక్టరుతో మాట్లాడి ఖాయం చేసుకోవాలి.

చాలామంది పొరబడేది లంకణం దగ్గర. "లంకణం పరమౌషధం" అన్నది మన సామెత, ఫెర్రెట్‌కి పనికిరాదు. పూటంతా పస్తుంచితే నీరసించిపోతుంది, వయసు మళ్లినవాటికి రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. మనుషుల విరోచనాల మాత్రలు కూడా సొంతంగా వేయకండి.

మలం తారులా నల్లగా వస్తే కడుపులో రక్తం కారుతున్నట్టు అనుమానించి ఆ రోజే పశువైద్యుడికి చూపించండి. గోదావరి డెల్టా ఎండాకాలపు ఉక్కలో విరోచనాలు పట్టుకుంటే ఒంట్లో నీరు ఇంకా తొందరగా పోతుంది. 30 డిగ్రీలు దాటిన వేడికి ఫెర్రెట్ అసలే తట్టుకోలేదు, చల్లటి గదిలోనే ఉంచండి.