నాన్న, పెదనాన్న కవలలు: డీఎన్‌ఏ పరీక్షకు నేను ఒప్పుకోవచ్చా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా నాన్న, పెదనాన్న ఒకే పోలిక ఉన్న కవలలు. నాన్న మస్కట్‌లో పనిచేసేవారు. వీలునామా రాయకుండానే పోయారు. ఉమ్మడి కొబ్బరి తోటలో మా వాటా పంచమంటే పెదనాన్న కొడుకులు పంచలేదు సరికదా, కాయల దింపు మీద వచ్చే డబ్బులు కూడా ఆపేశారు. పార్టిషన్ దావా వేశాం. నేను కడుపున పడేనాటికి నాన్న మస్కట్‌లోనే ఉన్నారని, నేను ఆయన కొడుకునే కాదని జవాబు దావాలో రాసి, డీఎన్‌ఏ పరీక్ష కోసం పిటిషన్ పెట్టారు. నేను పుట్టింది 1996 అక్టోబరులో. ఆ ఏడు సంక్రాంతికి నాన్న రెండు నెలల సెలవు మీద వచ్చారని అమ్మ చెబుతోంది. పెదనాన్న ఉన్నారు, మంచానపడ్డారు. కవలల డీఎన్‌ఏ ఒకటే అంటారు కదా, ఆయన రక్తంతో పోల్చి చూపించి వాళ్ల నోరు మూయిద్దామనుకుంటున్నాను. సరేనా?
– ఓ పాఠకుడు, కోనసీమ

జవాబు: వద్దు, తొందరపడకండి. ఆ పరీక్షలో మీరు ఓడిపోతారని కాదు నా భయం. గెలిచినట్టు కనిపించే రిపోర్టే వచ్చి మీ మెడకు చుట్టుకుంటుందని.

ఒకే పిండం రెండుగా చీలితే పుట్టే కవలలకు మొదట్లో డీఎన్‌ఏ ఒక్కటే. కణాలు పెరిగి విడిపోతున్న కొద్దీ అక్కడక్కడ ఒక్కో అక్షరం మారిపోతుంది. తల్లి కడుపులో తొలిరోజుల్లోనే వచ్చే ఇలాంటి తేడాలు జతకు సగటున ఐదు ఉంటాయని 2021లో ఐస్‌లాండ్ శాస్త్రవేత్తలు లెక్క తేల్చారు. మూడు వందల కోట్ల అక్షరాల్లో ఐదు! అంచేత 'అచ్చంగా ఒకటే' అన్న మాట పూర్తిగా నిజం కాదు. అయితే కోర్టు పంపే మామూలు పరీక్షలో ఈ అక్షరాలన్నీ ఎవరూ చదవరు, ఓ ఇరవై చోట్ల చూసి ఊరుకుంటారు. అక్కడ మీ నాన్నగారికీ పెదనాన్నగారికీ తేడా కనపడదు.

కాబట్టి పెదనాన్నగారి రక్తం ఇస్తే రిపోర్టు ఏమని వస్తుంది? ఆయనే మీకు తండ్రి అయ్యే అవకాశం 99.99 శాతం అని. 'ఈయన కాదు, ఈయన తమ్ముడు' అని ఏ ల్యాబూ రాసివ్వదు. ఇప్పుడు 'పరాయివాడు' అంటున్న మీ అన్నదమ్ములు మర్నాటికి ప్లేటు ఫిరాయిస్తారు: బాబాయి ఊళ్లోనే లేడు, ఇదిగో రిపోర్టు, వీడు మా నాన్నకే పుట్టాడు అని. సొంత తండ్రి మీద అంత మాట అంటారా అని మీకు అనిపించవచ్చు. తోట కోసం పిన్ని మీద ఇంత మాట అన్నవాళ్లు అదీ అంటారు. అప్పుడు బోనులో నిలబడి వాళ్ల వకీలు క్రాస్ ఎగ్జామినేషన్ ఎదుర్కోవాల్సింది మీ అమ్మగారు.

కవలల్లో ఎవరు తండ్రో తేల్చే లోతైన పరీక్ష లేదని కాదు. ఓ జర్మన్ ల్యాబ్ వాళ్లు 2014లో కవలల్లో ఒకరిలోనూ ఆయన బిడ్డలోనూ ఉండి, రెండో ఆయనలో లేని ఐదు తేడాలు పట్టుకున్నారు. దానికి ఇద్దరి శాంపిళ్లూ కావాలి. మీ నాన్నగారిది ఎక్కడి నుంచి తెస్తారు? బ్రెజిల్‌లో 2019లో కవలలిద్దరూ 'నేను కాదంటే నేను కాదు' అనడంతో, విసిగిపోయిన జడ్జి ఇద్దరినీ భరణం కట్టమన్నాడు. మన దగ్గర అలాంటి తీర్పు కోసం ఎదురుచూడకండి.

నిజానికి మీకు ఆ అవసరమే లేదు. చెల్లుబాటయ్యే పెళ్లి నిలిచి ఉండగా పుట్టిన బిడ్డ ఆ భర్త బిడ్డేననడానికి ఆ పుట్టుకే తిరుగులేని రుజువు. పాత సాక్ష్య చట్టంలో ఇది సెక్షన్ 112, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లో సెక్షన్ 116. దీన్ని పడగొట్టాలంటే, కడుపున పడే కాలంలో భార్యాభర్తలకు కలుసుకునే అవకాశమే లేదని అవతలివాళ్లు రుజువు చేయాలి. ఆ భారం వాళ్లది, మీది కాదు. గట్టి ఆధారం చూపకుండా రక్తపరీక్షకు ఆదేశించకూడదని 1993లోనే గౌతమ్ కుందు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ తగాదాలాంటిదే 2021 నాటి అశోక్ కుమార్ కేసు. ఆస్తి దావాలో ఆడపడుచులు 'వీడు మా తమ్ముడే కాదు, డీఎన్‌ఏ చేయించండి' అన్నారు. వేరే సాక్ష్యం ఉండగా, ఇష్టం లేని మనిషిని బలవంతపెట్టడం కుదరదంది సుప్రీంకోర్టు. 2014లో బద్వాయిక్ కేసులో మాత్రం, రిపోర్టు అప్పటికే చేతికొచ్చేసింది కనుక, సైన్సుకే పెద్దపీట వేసింది. మిమ్మల్ని మీరుగా ఒప్పుకోవద్దనేది అందుకే.

పరీక్షకు రాననడాన్ని మీకు వ్యతిరేకంగా తీసుకోమని వాళ్ల వకీలు అడుగుతారు. కాబట్టి ఉత్తినే 'రాను' అనకండి. నాన్న, పెదనాన్న ఒకే పోలిక ఉన్న కవలలు, ఈ పరీక్ష అసలు ప్రశ్నకు జవాబు చెప్పలేదు అని వాళ్ల పిటిషన్‌కు మీరు వేసే కౌంటర్‌లో స్పష్టంగా రాయించండి.

ఇక మీ అసలు ఆయుధం నాన్నగారి పాత పాస్‌పోర్టు. 1996 జనవరిలో దిగినట్టు, మార్చిలో తిరిగి వెళ్లినట్టు ఇమిగ్రేషన్ ముద్రలు ఉండాలి. అక్టోబరు కాన్పుకు లెక్క సరిగ్గా సరిపోతుంది. ఆ రెండు ముద్రలు దొరికితే వాళ్ల మస్కట్ కథ అక్కడితో ఆగిపోతుంది. గడువు తీరిన పాస్‌పోర్టని పారేశారేమో, ట్రంకుపెట్టెలు వెతకండి. దాంతోపాటు మీ జనన ధ్రువపత్రం, టెన్త్ సర్టిఫికెట్, రేషన్ కార్డు తీయండి. నాన్నగారికి తలకొరివి పెట్టింది మీరే అయితే ఆ పదోరోజు కార్డు కూడా. మీ పెదనాన్న కొడుకుల పెళ్లి శుభలేఖల్లో 'ఆహ్వానించువారు' కింద మీ పేరు తమ్ముడిగా అచ్చయి ఉంటే అంతకన్నా మంచి కాగితం లేదు. దావాతో పాటు దాఖలు చేయనివి ఇప్పుడు వేయాలంటే కోర్టు అనుమతి కావాలి, ఆలస్యం చేయకండి.

వాటా సంగతి ఒక్క మాట. నాన్నగారి భాగంలో మీ అమ్మగారికి, మీకు, అక్కచెల్లెళ్లుంటే వాళ్లకు, నాయనమ్మగారుంటే ఆమెకు సమాన హక్కు. అందరినీ దావాలో పార్టీలుగా చేర్చారో లేదో మీ వకీలుతో సరిచూసుకోండి.

1996 సంక్రాంతి సెలవు గురించి మీ అమ్మగారి సాక్ష్యం కీలకం. ఆవిడ అమలాపురం దాకా తిరగలేని స్థితిలో ఉంటే, కోర్టు నియమించే వకీలు (అడ్వకేట్ కమిషనర్) ఇంటికే వచ్చి వాంగ్మూలం రాసుకునేలా పిటిషన్ వేయించండి.