ప్యాడ్ ఎన్ని మిల్లీమీటర్లు మిగిలింది?

ప్రశ్న: అన్నయ్యా, మాది టెక్కలి దగ్గర. ఒహాయో వచ్చి నాలుగు నెలలైంది. పనికి వెళ్లడానికి పాత పికప్ ట్రక్కు కొన్నాను. బ్రేక్ నొక్కితే కీచుమంటోంది. ప్యాడ్లు వెంటనే మార్చాలా, కొన్నాళ్లు ఆగొచ్చా?

తమ్ముడూ, ముందు ఆ కూత ఎప్పుడొస్తోందో చూడు. రాత్రి వాన పడి, పొద్దున్నే మొదటి రెండు మూడు బ్రేకులకు కీచుమని ఆగిపోతే అది చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లెం, అంటే డిస్కు మీద పట్టిన పలుచని తుప్పు. టెన్షన్ అక్కర్లేదు. బ్రేక్ వేసినప్పుడల్లా, రోజంతా కూస్తుంటే మాత్రం ఆ డిస్కును నొక్కి బండిని ఆపే ప్యాడ్ చివరికొచ్చిందనుకో. చాలా ప్యాడ్లకు చిన్న ఇనుప రేకు ఉంటుంది. ప్యాడ్ అరిగేసరికి అది డిస్కుకు తగిలి కూస్తుంది. మనల్ని హెచ్చరించడానికే పెట్టారు దాన్ని.

నా మొదటి చలికాలంలో ఆ కూత విని కూడా, జీతం వచ్చాక చూద్దామని మూడు వారాలు నెట్టాను. కూత పోయి గరగర మొదలైంది. అంటే ప్యాడ్ అయిపోయి ఇనుమూ ఇనుమూ రాసుకుంటున్నాయి. ప్యాడ్లతో పోయేదానికి డిస్కులు కూడా మార్చాల్సి వచ్చింది. డబ్బు సంగతి అలా ఉంచు, ఆ మూడు వారాలూ వెనక సీట్లో పిల్లల్ని కూర్చోబెట్టుకునే తిరిగాను.

కొత్త ప్యాడ్ మందం దాదాపు 10 నుంచి 12 మిల్లీమీటర్లు. 3కి వస్తే మార్చేయాలి. 4 దగ్గరుంటే డబ్బు పక్కన పెట్టుకో. ఇన్ని మైళ్లకని ఎవరు చెప్పినా నమ్మకు. ట్రైలర్ లాగే బండికీ, సిగ్నల్ సిగ్నల్‌కీ ఆగే బండికీ, హైవే మీద పోయే బండికీ లెక్క ఒకటి కాదు. ఉప్పు లారీ నడిపిన మా బాబాయి ఘాట్ దిగేముందే గేరు తగ్గించేవాడు. నువ్వూ బరువుతో పల్లం దిగేటప్పుడు అలాగే చెయ్యి.

చక్రం సందుల్లోంచి టార్చి వేస్తే బయటి ప్యాడ్ కనిపిస్తుంది. దాన్ని చూసి ఊరుకోకు, లోపలిది ఒక్కోసారి ముందే అరిగిపోతుంది. నౌపడ ఉప్పుమడుల పక్కన సైకిల్ గొలుసు ఎలా తుప్పుపడుతుందో నీకు తెలుసు కదా. ఇక్కడ మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పూ అదే పని చేస్తుంది. ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్ జరగాల్సిన పిన్నులు పట్టేసి, ఒక పక్క ప్యాడ్ డిస్కును వదలకుండా రాసుకుంటూనే ఉంటుంది. బండి ఒక పక్కకి లాగినా, ఒక్క చక్రం దగ్గరే కాలిన వాసన వచ్చినా ఇదే అనుమానించు. ఏటా చలికాలం వెళ్లాక చక్రాలు విప్పించి చూపించు.

బ్రేక్ ఫ్లూయిడ్ తగ్గిందని పోసేసి ఊరుకోకు. ప్యాడ్లు అరిగేకొద్దీ అది దిగుతుంది, లీకు కూడా కావచ్చు. పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంటే ఇక నడపకు, టో ట్రక్కు పిలిపించు.

మనూళ్లో మెకానిక్ తెలిసినవాడు, విప్పి చేతిలో పెట్టి చూపిస్తాడు. ఇక్కడ షాపులోనూ మొహమాటపడకుండా అడుగు: "ఎన్ని మిల్లీమీటర్లు మిగిలింది? లోపలిదీ చూపించండి. ఎంతవుతుందో రాసివ్వండి." ముందు చక్రాలైతే రెండింటికీ కలిపి మార్పించు, ఒక్కదానికే వద్దు. వెనక డిస్కులకు బదులు డ్రమ్ములుంటే వాటికి ప్యాడ్లుండవు, షూలుంటాయి. వాటినీ చూడమను.

నీది ఇంకా కీచు దగ్గరే ఉంది కాబట్టి ఈ శనివారం చూపించు. గరగర వినిపిస్తే శనివారం దాకా కూడా ఆగకు.